అప్పారావు మోడ్‌కి పుట్టిన కరపత్రం

సత్యవతి, యాభై ఆరేళ్ళు, ఏ కాగితం చేతికిచ్చినా కింది వరస నుంచి పైకి చదువుతుంది. ఎవరు రాశారో తెలియకుండా ఏం రాశారో చదివి ఏం లాభం అంటుంది. బిలాస్‌పూర్ నుంచి బయల్దేరే రైళ్ళలో ఏళ్ళ తరబడి టికెట్లు తనిఖీ చేస్తున్న మనిషి. టికెట్ కంటే ముందు మొహం చూస్తుంది, రాత కంటే ముందు సంతకం చూస్తుంది. ఆ అలవాటే లేకపోతే మొన్న నేను చేసిన ఘనకార్యం ఇంకా ఎంత దూరం పోయేదో.

నా సంగతి మీకు తెలుసు. ఆడవాళ్ళ మీద పెత్తనం గురించి పత్రికల్లో వ్యాసాలు రాస్తాను. రత్నం కలానికి పదునెక్కువ అంటారు. ఆ పదును చివరికి ఎవరి మెడకి తగిలిందో చెప్తాను. టీ తాగుతూ వినండి, గుటక వేశాకే నవ్వండి.

మా రైల్వే కాలనీలో తెలుగు సంఘం ఉంది కదా. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనులకి వచ్చిన మన తాతలు కట్టుకున్నది. ఒక హాలు, పక్కన కంప్యూటర్ గది, వెనక మరో గది. ఆ వెనక గదిలో ఒకప్పుడు సాయంత్రాలు పిల్లలకి తెలుగు చదవడం నేర్పేవారు. నేర్పేది సత్యవతి వదినే, డ్యూటీ లేని రోజుల్లో. వచ్చేది ఎక్కువగా ఆడపిల్లలు. తర్వాత హాలుని పెళ్ళిళ్ళకి ఇవ్వడం మొదలైంది. కుర్చీలూ గుండిగలూ షామియానా గుడ్డలూ పెట్టుకోడానికి చోటు కావాలన్నారు. పిల్లల్ని లేపి గుండిగల్ని కూర్చోబెట్టారు. గదికి తాళం పడింది. తాళం చెవి సంఘం కార్యదర్శి అప్పారావు అన్నయ్య మొలతాడుకి చేరింది.

అప్పారావు అన్నయ్య సత్యవతి వదిన భర్త.

తాళం తియ్యమని వదిన ఇంట్లో అడిగితే, సంఘం విషయాలు సంఘంలో మాట్లాడుకుందాం అనేవాడు. సంఘంలో అడిగితే, ఇంటి గొడవలు ఇక్కడెందుకు అనేవాడు. ఇలా ఇంటికీ సంఘానికీ మధ్య కొన్నేళ్ళు తిరిగాక, ఈసారి కార్యదర్శి ఎన్నికకి వదిన తనే నిలబడింది. ఎదురుగా పోటీలో ఉన్నది ఆయనే. ఆవిడకి కుర్చీ మీద మోజు లేదు. ఆ గది తాళం చెవి కావాలి, అంతే.

ఇద్దరూ ఒకే క్వార్టర్‌లో ఉంటూ, ఒకే కుక్కర్‌లో అన్నం తింటూ పోటీ చేస్తున్నారు. కాలనీకి ఇంతకంటే వినోదం ఏముంటుంది. ఆయన రోజూ వదిన కట్టిన టిఫిన్ బాక్సు పట్టుకుని, వదినకి ఓటెయ్యొద్దని చెప్పడానికి బయల్దేరేవాడు.

కరపత్రం నన్ను రాయమంది. రాయడమే కాదు, కంప్యూటర్‌లో పేజీ తయారుచేసి వ్యాపార్ విహార్ పేటలో మనం అచ్చు వేయించుకునే ప్రెస్సుకి పంపే పని కూడా నాదే. ఒక పక్క తెలుగు, ఒక పక్క హిందీ వెయ్యమంది. నేను ఒప్పుకుంటానా. తెలుగు క్లాసు కోసం పోటీ చేస్తూ హిందీలో ఓట్లడగడం ఏమిటని అక్కడే ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఇప్పటి పిల్లలకి తెలుగు మాట్లాడ్డమే గాని చదవడం రాదే అని వదిన అంటూనే ఉంది. రాకపోతే సిగ్గుపడి నేర్చుకుంటారులే అన్నాను. ఉపన్యాసం బాగుంది. బుద్ధి బాగాలేదు. అది తర్వాత తెలిసింది.

ఇక్కడ కొంచెం కంప్యూటర్ సంగతి చెప్పాలి. పారిపోకండి, వంటకంటే సులువు.

అప్పారావు అన్నయ్య రిటైర్ అయ్యేదాకా రైల్వేలో కంప్యూటర్ల విభాగంలో చేశాడు. అక్కడ అలవాటైన ఒక ఎడిటర్‌ని తెచ్చి సంఘం కంప్యూటర్‌లో పెట్టాడు. ఎడిటర్ అంటే పత్రికలో కూర్చుని నా వాక్యాలు కత్తిరించే పెద్దమనిషి కాదు. అక్షరాలు టైపు చేసుకునే ప్రోగ్రాము. దీని ప్రత్యేకత ఏమిటంటే, మనకి కావలసిన పనులు దానికి మనమే రాసి నేర్పొచ్చు. ఒక్కో రకం పనికి ఒక్కో మోడ్ పెట్టుకోవచ్చు. ఉత్తరాలు రాసేటప్పుడు ఒక తీరుగా ఉంటుంది, నోటీసులు రాసేటప్పుడు ఇంకో తీరుగా ఉంటుంది. అన్నయ్య 'సంఘం మోడ్' అని ఒకటి రాశాడు. తెలుగు కీలు, పేజీ వెడల్పు, ప్రెస్సుకి కావలసినట్టు పేజీ తయారుచెయ్యడం అన్నీ దానికి నేర్పాడు. నాకు ఆ ఎడిటర్ నేర్పింది కూడా ఆయనే. పనిమంతుడు, కాదనను. ఆయనతో నా తగువు వేరే.

నా వ్యాసాలకి నేనో మోడ్ పెట్టుకున్నాను. పేరు 'పదును మోడ్'. అదంతా మొదటి నుంచి రాసుకోవాలంటే నా వల్ల అయ్యే పని కాదు. రాయక్కర్లేదు కూడా. ఈ మోడ్ ఫలానా మోడ్‌కి పిల్ల అని ఒక్క ముక్క రాస్తే చాలు. పేరెంట్‌కి తెలిసినవన్నీ పిల్లకి వచ్చేస్తాయి. పిల్లలో మనం వేరుగా ఏదైనా చెప్తే అక్కడ పిల్ల మాట చెల్లుతుంది. చెప్పని చోట పేరెంట్ మాటే నడుస్తుంది. నేను సంఘం మోడ్‌ని పేరెంట్‌గా పెట్టుకున్నాను. అంటే పెత్తనం మీద నేను రాసిన నిప్పులాంటి వ్యాసాలన్నీ అప్పారావు మోడ్ ఒళ్ళో కూర్చుని రాసినవే. ఈ మాట నా పాఠకులకి చెప్పకండి.

నా పదును మోడ్‌కి నేను కలిపింది ఒకటే, కొన్ని మాటల మార్పిడి. మనం ఎంత చదివినా చిన్నప్పటి నుంచి విన్న మాటలు చేతిలోంచి జారిపోతుంటాయి. వ్యాసంలో 'త్యాగం' అని పొరపాటున రాశాననుకోండి, పత్రికకి మెయిల్ చేసే ముందు మోడే దాన్ని 'జీతం లేని చాకిరీ' అని మార్చేస్తుంది. 'సర్దుకుపోవడం' అని రాస్తే 'నోరు మూసుకోవడం' అవుతుంది. 'సేవ' అంటే 'పెత్తనం' అవుతుంది. దీన్ని చూసుకుని నేను ఎంత మురిసిపోయేదాన్నో.

సరే. గురువారం సంఘం కంప్యూటర్ ముందు కూర్చుని, పదును మోడ్‌లో వదిన కరపత్రం రాశాను. పైన పెద్ద అక్షరాల్లో 'సత్యవతికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు'. కింద విషయం. 'అప్పారావు వెనక గదికి తాళం వేశాడు. తెలుగు క్లాసు ఆగిపోయింది. సంఘం పెళ్ళి సామాన్ల కోసం కాదు, మనుషుల కోసం.' ఆఖర్న 'మీ సత్యవతి'. తెర మీద చూస్తే నా చేతిని నేనే ముద్దు పెట్టుకోవాలనిపించింది. ప్రెస్ కాపీ తయారుచెయ్యమని కీ నొక్కాను. ఆ కీ నేను వాడటం అదే మొదటిసారి. నా వ్యాసాలు మెయిల్‌లో పోతాయి కాబట్టి ఎప్పుడూ అవసరం పడలేదు. వచ్చిన కాపీని తెరిచి చూడలేదు. తెర మీద చూశాను కదా, ఇంకెందుకు. స్కూటీ తీసి నేరుగా ప్రెస్సుకి పోయాను.

ప్రెస్సాయన ఛత్తీస్‌గఢీ. తెలుగు కాగితం వస్తే ఏది పైభాగమో అడిగి తెలుసుకుని అప్పుడు కత్తిరిస్తాడు. ఆ రోజూ అడిగాడు. చూపించాను. చూపించేటప్పుడైనా చదివానా? లేదు. ఆయన పెట్టిన చాయ్ తాగుతూ ఆడవాళ్ళ రాజకీయ భాగస్వామ్యం గురించి ఆయనకి హిందీలో చెప్తున్నాను.

శుక్రవారం పొద్దున్న కాలనీ ఆడపిల్లలు కట్టలు పంచుకుని ఇల్లిల్లూ తిరిగి కాగితాలు ఇచ్చేశారు. హుషారైన పిల్లలు. వదిన ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న కోటా వైపు రైల్లో డ్యూటీకి పోయి, మధ్యాహ్నం దిగి వస్తూ దారిలో ఒక కాగితం చేతికి తీసుకుంది. కింద నుంచి చదివింది. ఇంటికి పోకుండా నేరుగా సంఘానికి వచ్చింది, నల్ల కోటు కూడా విప్పలేదు.

నేను అప్పటికే ఊరి చివర మోప్కాలో పని చూసుకుని వచ్చి హాల్లో కూర్చుని, అభినందనల కోసం ఎదురు చూస్తున్నాను.

"రత్నం, ఆఖరి వరస చదువు" అంది.

చదివాను. 'ఇట్లు, సదా మీ సేవలో, అప్పారావు, కార్యదర్శి' అని ఉంది.

"నాకు ఓటెయ్యమని రాసిన కాగితానికి మా ఆయన సంతకం ఏటే?"

వదిన వేలు ఒక్కో వరసా పైకి జరుపుతోంది, టికెట్ లేని ప్రయాణికుణ్ణి బోగీ చివరికి తీసుకుపోతున్నట్టు నన్ను తీసుకుపోతోంది. నేను రాసిన 'ఆగిపోయింది' కాస్తా 'తాత్కాలికంగా వాయిదా పడింది' అయి ఉంది. దాని పైన, 'మన ప్రియతమ కార్యదర్శి శ్రీ అప్పారావు గారు అభివృద్ధి నిమిత్తం వెనక గదికి తాళం వేశాడు' అని ఉంది. ఇంత మర్యాద చేసి 'వేశాడు' అన్నది మాత్రం అలాగే వదిలేసింది యంత్రం. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో: 'శ్రీమతి సత్యవతి (శ్రీ అప్పారావు గారి ధర్మపత్ని)కి ఎవరి సిఫారసూ అక్కర్లేదు'.

కంప్యూటర్ గదిలోకి పరిగెత్తి సంఘం మోడ్ తెరిచి చూశాను. ఉంది. అన్నయ్య నోటీసుల కోసం ఎప్పుడో రాసుకున్న చిన్న ముక్క, పేరు 'మర్యాద'. ప్రెస్ కాపీ తయారుచేసే ముందు అది తనంతట తనే నడుస్తుంది. కాలనీలో ఆడవాళ్ళ పేరు ఎక్కడ కనిపించినా ముందు శ్రీమతి, వెనక భర్త పేరు. తన పేరు కనిపిస్తే ప్రియతమ. వినడానికి బాగుండని మాటలుంటే మెత్తగా మార్చడం. ఆఖర్న ఎవరి పేరున్నా తీసేసి తన సంతకం. పదును మోడ్‌లో నేను దాని గురించి ఏమీ చెప్పలేదు. చెప్పని చోట పేరెంట్ మాటే నడుస్తుందని ఇందాకే మీకు చెప్పాను. నాకు నేను చెప్పుకోలేదు, అంతే.

వదినకి ఇదంతా వివరించాను. తెలుగు కీల కోసం నేను ఆయన మోడ్‌ని ఎక్కితే, దానితో పాటు ఆయన మర్యాద కూడా దిగిందని.

"పెళ్ళి చేసుకున్నట్టే ఉంది" అంది వదిన.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. పెద్దవాళ్ళందరికీ తెలుగు చదవడం వచ్చు కదా, చదివేశారు. భర్తని ఎంత గౌరవించిందో అని ఒకరు, ఇలాంటి ఇల్లాలు ఉండబట్టే ఆయన ఇంత చెయ్యగలిగాడని ఒకరు. అన్నిటికంటే పెద్ద దెబ్బ సింహాచలం మామయ్య ఫోను. ఆయన రిటైర్డ్ గార్డు, ఆదివారం ఎన్నిక మీటింగు నడపవలసింది ఆయనే. పోటీ మానుకున్నందుకు వదినని మెచ్చుకున్నాడు. ఇక ఓటింగు ఎందుకు, అప్పారావునే ప్రకటించేద్దాం, అందరం టీ తాగి ఇళ్ళకి పోదాం అన్నాడు.

"నేను మానుకోలేదు మామయ్యా. అచ్చు తప్పు. రేపు వేరే కాగితం వొస్తాది" అంది వదిన.

వేరే కాగితం వస్తేనే ఓటింగు, లేకపోతే లేదు అన్నాడాయన. గార్డుగా జెండా ఊపడం మానేసినా పట్టుదల మానలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నయ్య ఆ కాగితం చూసి ఏమన్నాడో తర్వాత వదిన చెప్పింది. కోపం రాలేదట. నవ్వలేదు కూడా. వెలుతురు వైపు పట్టుకుని చూసి, ఎప్పుడో రాసిన ముక్క, ఇప్పటికీ ఎంత చక్కగా పనిచేస్తోందో అని మురిసిపోయాడట. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడట.

ఆ మాట నేను శనివారం పొద్దున్న విన్నాను. ఒళ్ళు మండింది. వదిన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తుండగా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నిజానికి నేను చెయ్యవలసింది ఎంత చిన్న పనో తెలుసా. నా పదును మోడ్‌లోకి పోయి, ఈ మర్యాద నాకు వద్దు అని ఒక్క ముక్క రాస్తే చాలు. పిల్ల మాట చెల్లుతుంది. పేరెంట్ జోలికి పోనక్కర్లేదు.

కానీ నేను ఊరుకుంటానా. లోపం మూలంలో ఉంటే ఆడదే ఎందుకు తన్ను తాను దిద్దుకోవాలి అని ఎన్ని వ్యాసాల్లో రాశాను. మూలాన్ని మార్చాలి. వ్యవస్థని మార్చాలి. చీర కొంగు బిగించి నేరుగా సంఘం మోడ్‌లోకి దిగాను. మర్యాదని పీకేశాను. పీకిన చోటు ఖాళీగా ఎందుకు ఉండాలని, నా పదును మాటల మార్పిడిని తెచ్చి అక్కడ నాటాను. ఇకమీదట ఈ సంఘంలో ఏ కాగితం అచ్చుకి పోయినా నిజమే పోతుంది అనుకున్నాను. అనుకోవడమే కాదు, పైకి అన్నాను కూడా. వదిన నా వైపు అదోలా చూసింది.

ఈసారి ప్రెస్ కాపీని తెరిచి చూశాం. వదిన పద్ధతిలో కింద నుంచి పైకి. 'మీ సత్యవతి' అని ఉంది. తాళం వేసినవాడు ఉత్త అప్పారావుగానే ఉన్నాడు. పై వరసలో సత్యవతి ఒక్కతే ఉంది, వెనకా ముందూ ఎవరూ లేరు. ప్రెస్సుకి పోయాను, మళ్ళీ చాయ్, సాయంత్రానికి పిల్లలు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగారు. ఇంటికి పోతూ వదిన నా భుజం తట్టింది. ఆ తట్టు విలువ ఒక్క పూట.

ఎందుకంటే, సంఘం మోడ్‌కి పిల్లలు నాదొక్కటే కాదు. ఆ వారమే అన్నయ్య తన ఎన్నిక కోసం 'ప్రచారం మోడ్' అని ఇంకోటి పెట్టుకున్నాడు. దాని పేరెంట్ కూడా అదే. నేను లేచి వెళ్ళాక, అదే శనివారం, ఆయన వచ్చి అదే కుర్చీలో కూర్చుని తన కరపత్రం అచ్చుకి పంపాడు. తన చేత్తో రాసిన మోడ్ కదా, ఎందుకు తెరిచి చూస్తాడు. నేను చూశానా మొదటిసారి? ఆయన కట్టలు ఆదివారం పొద్దున్న పంచారు. పంచింది కూడా ఆ పిల్లలే. ఆంటీకి చేసిపెట్టారు, అంకుల్‌కి చెయ్యకపోతే బాగుండదని. మధ్యాహ్నం మీటింగులో ఎలాగూ చదివి వినిపిస్తారు కదా అని ఇళ్ళలో ఎవరూ మడత విప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం మీటింగు. హాలు నిండింది. మన సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. చిన్నవాళ్ళకి తెలుగు చదవడం రాదని, ఏ కాగితమైనా మీటింగులో పెద్దలు పైకి చదివి వినిపిస్తారు. సింహాచలం మామయ్య కళ్ళజోడు పెట్టుకుని ముందు వదిన కాగితం చదివాడు. జనం శ్రద్ధగా విన్నారు. నేను వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను.

తర్వాత అన్నయ్య కాగితం తీశాడు. గార్డు గొంతు, హాలంతా వినిపిస్తుంది.

"నా ధర్మపత్ని జీతం లేని చాకిరీ వల్లనే ఇన్నేళ్ళూ నేను సంఘంలో పెత్తనం చేయగలిగాను."

మామయ్య ఆగాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కాగితంలో ఉన్నది చదవడం ఆయన డ్యూటీ. చదివాడు.

"ఇల్లయినా సంఘమయినా చక్కగా నడవాలంటే ఆడవాళ్ళు నోరు మూసుకోవడం ముఖ్యం. మరొక్కసారి మీ అందరికీ పెత్తనం చేసుకునే భాగ్యం నాకు కలిగించండి."

మొదట వెనక వరసలో ఒకావిడ నవ్వింది. ఆ నవ్వు వరస వరసగా ముందుకొచ్చింది. తెలుగు అర్థమైన పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. అన్నయ్య లేచి మామయ్య చేతిలోంచి కాగితం తీసుకుని చదివాడు. హాల్లో అంతమందిలో జరిగింది ఏమిటో తెలిసింది ఇద్దరికే, ఆయనకీ నాకూ. ఆయన నా వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, పేరెంట్‌లో చెయ్యి పెట్టినావా?"

ఆయన వైపువాళ్ళు లేచారు. ఎదుటివాళ్ళ కాగితం పాడుచేశారు, ఇది మోసం, సత్యవతి పోటీ చెల్లదు అన్నారు. సింహాచలం మామయ్య కూడా తలూపుతున్నాడు. ఆ గది తాళం చెవి నా కళ్ళ ముందే జారిపోతోంది, అదీ నా పుణ్యాన.

నేను వేదిక ఎక్కాను. వదినకి ఏమీ తెలియదు, చేసింది నేను అన్నాను. అక్కడితో దిగిపోతే బాగుండేది. కానీ జనానికి అర్థమయ్యేలా చెప్పాలని, పేరెంట్ మోడ్, పిల్ల మోడ్, పిల్లలో చెప్పనిది పేరెంట్ నుంచి ఎలా దిగుతుంది, పేరెంట్‌ని మారిస్తే పిల్లలన్నీ ఎలా మారిపోతాయి, అన్నీ మొదలుపెట్టాను. కాసేపటికి ముందు వరసలో ఒక పెద్దాయన, ఎవరి పిల్లలు మారిపోయారమ్మా అని కంగారుగా అడిగాడు. టీ గిన్నె దగ్గరున్నవాళ్ళు గ్లాసులు సర్దుకోవడం మొదలెట్టారు.

"రత్నం, దిగు. నువ్వింక ఏటీ చెప్పకు" అంది వదిన. దిగాను.

ఆవిడ రెండు కాగితాలూ చేత్తో పట్టుకుని నిలబడింది. మైకు తీసుకోలేదు. రైళ్ళలో మైకు ఎవరిస్తారు. వాటిని పంచిన ఆడపిల్లల్ని చూసి అడిగింది. ఇవన్నీ ఇల్లిల్లూ తిప్పింది మీరే కదా, ఇందులో ఏముందో ఒక్కరైనా చూశారా అని. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒక పిల్ల నెమ్మదిగా, "ఆంటీ, హమ్‌కో పఢ్‌నా నహీ ఆతా" అంది.

"అదీ. ప్రెస్సాయనకి చదవడం రాదు. పంచిన ఆడగుంటలకి రాదు. మొదటి కాగితంలో నా పేరు మింగేసినా ఎవరికీ తెలీలేదు. రెండో దాంట్లో మా ఆయన పరువు తీసినా ఎవరికీ తెలీలేదు. వీళ్ళలో ఒక్కర్తికి చదవడం వొచ్చుంటే ఈ రెండు కాగితాలూ గుమ్మం దాటేవి కావు. నాకా గది ఎందుకని ఇన్నేళ్ళూ అడిగినారు కదా. ఇందుకు."

ఇదే మాట మళ్ళీ హిందీలో చెప్పింది. పొల్లు పోకుండా, నేను వద్దన్న హిందీలో. వెనక నిలబడ్డ కుర్రవాళ్ళు ఫోన్లు దించి విన్నారు. నేను రాసిన కరపత్రం రెండు అచ్చుల్లో చెయ్యలేని పని ఆవిడ నోటితో చేసింది.

తర్వాత భర్త వైపు తిరిగింది. "మీ కాగితంలో తప్పులన్నీ రత్నం చేసినవే. అన్నీ కొట్టేద్దాం. ఈ పై వరస మాత్రం ఉంచాలో కొట్టెయ్యాలో మీరే చెప్పండి." కాగితం ఆయన ముందు పెట్టింది. నా ధర్మపత్ని జీతం లేని చాకిరీ వల్లనే ఇన్నేళ్ళూ, అన్న వరస.

అన్నయ్య దాన్ని మళ్ళీ చదివాడు. ఆయన లెక్క తప్పితే సరిదిద్దే మనిషి, సరిగ్గా ఉంటే ఒప్పుకునే మనిషి. పక్కన పెట్టుకున్న టిఫిన్ బాక్సు వైపు ఒకసారి చూశాడు.

"అది ఉండనీ" అన్నాడు.

మోసం అని లేచినవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. ఆయనే ఉండనీ అన్నాక వాళ్ళు ఏమంటారు. సింహాచలం మామయ్య చేతులెత్తమన్నాడు. వదినకి లేచిన చేతులు చూశాక, అన్నయ్యకి లేచినవి లెక్కపెట్టే అవసరం కూడా రాలేదు. ఆయన మొలతాడు నుంచి తాళం చెవి విప్పడానికి కాస్త టైము పట్టింది. ఏళ్ళ తరబడి ఉన్న ముడి కదా, బిగుసుకుపోయింది. వదినే వంగి పళ్ళతో విప్పింది. హాలంతా చప్పట్లు.

టీలు తాగుతున్నప్పుడు నేను వదిన పక్కకి చేరాను. గెలుపులో నా వాటా ఎంతో కొంత ఉందని నా నమ్మకం. ఆ గొడవే లేకపోతే ఆ మాటలే లేవు కదా. ఇక సంఘం కాగితాల పనంతా నేను చూసుకుంటాను, ఈసారి పేరెంట్ మోడ్‌ని మొత్తం కొత్తగా రాసేస్తాను, ఒక్క వారం ఇవ్వు అన్నాను. వదిన విన్నది. చూద్దాంలే అంది. తనే ఒక బిస్కెట్ తీసి నా చేతిలో పెట్టింది.

సోమవారం డ్యూటీకి పోయే ముందు సత్యవతి వెనక గది తాళం తీసి గుండిగలు బయట పెట్టించింది. ఆ తాళాన్నే తీసుకొచ్చి కంప్యూటర్ గదికి వేసింది. దానికి ఇంకో తాళం చెవి చేయించింది. ఒకటి తన దగ్గర ఉంచుకుంది, రెండోది అప్పారావు అన్నయ్యకిచ్చింది.